ఆంగ్లాభ్యాసమునకు ఆనందము అక్కఱలేదా?

వేసవి సెలవులు వచ్చుటయే తడవుగా మన యిండ్లలో ఒక తంతు జరుగుచుండును. ఇంటి యజమాని తెల్లని అట్ట నొకదానిని కొనితెచ్చి, నిలువుగీతలును అడ్డగీతలును గీసి, ఉదయము 5 గంటలు మొదలుకొని రాత్రి 9 గంటలవఱకు పిల్లవాడు ఆంగ్లభాష నేర్చుకొనవలసిన క్రమమును ఎఱ్ఱసిరాతోను నల్లసిరాతోను వ్రాసి గోడకు అంటించును. ఆ పట్టికలో టెన్సులున్నవి. దినమునకు పది కొత్తమాటలున్నవి. ఆదివారమున పరీక్ష యున్నది. తప్పు వచ్చినచో ఏబదిమాఱులు తిరుగ వ్రాయుట యున్నది. చదువబోవు పిల్లవానికి ఏది యిష్టమో ఆ సంగతి మాత్రము అందెక్కడను లేదు. పదునైదు దినములకు అట్ట మూలలు వంగును. నెలనాటికి దానిపై చొక్కా వ్రేలాడును. జూనులో బడి తెఱచునప్పటికి ఆ తండ్రియే మాయొద్దకు వచ్చి, "మావాడికి ఇంగ్లీషు ఎక్కడం లేదు మాస్టారూ" అని వాపోవును. ఇరువది సంవత్సరములుగా ఉన్నతపాఠశాలలో ఆంగ్లము బోధించుచున్న మేము ఈ మొఱ నెన్నిమాఱులు వింటిమో లెక్కలేదు.

పిల్లవాని కెక్కకపోయినది ఆంగ్లము కాదు, ఆ పట్టిక యని మేము చెప్పుదుము. అది వారికి రుచింపదు. చదువున ఆనందము భోజనమున ఊరగాయవంటిదనియు, ఉన్న మంచిదే, లేకున్నను గడచుననియు మన గృహస్థులనుకొనుచున్నారు. అది అన్నమువంటిదని మా వాదము. అది లేని అభ్యాసక్రమము ఎంత నిండుగా గీయబడినను ఖాళీ విస్తరియే.

ఇట్లనగానే పెద్దలు కొందఱు కోపగింతురని మేమెఱుగుదుము. "చదువునకు వినోదమేల? పూర్వము సంస్కృతము చదివినవారు వినోదమును కోరిరా? కఱ్ఱ క్రింద కూర్చుండి శబ్దములు వల్లింపలేదా?" అని వారందురు. ఈ వాదమును సంస్కృతము చదివినవారికంటె చదువనివారే గట్టిగా చేయుచుండుట మాకు వింతగా నుండును. మేము చదివినవారము గనుక రెండుమాటలు చెప్పుదుము.

మా తాతగారి వీథియరుగుపై తెల్లవారుజామున ఐదుగురు పిల్లలము కూర్చుండి రామశబ్దమును వల్లించుచుండెడివారము. దానికొక రాగముండెడిది, ఒక ఊపుండెడిది, ఒకడు మఱచినచోట పక్కవాడు అందుకొనెడివాడు. అది సగము పాట, సగము ఆట. ఆ మాట యటుంచుదము. ముఖ్యమైనది వేఱొకటి గలదు. శబ్దమంజరి సగమైనను కాకమునుపే, అమరము మొదటికాండము ముగియకమునుపే, తాతగారు రఘువంశము తెఱచిరి. పదవిభాగము, అన్వయము, తాత్పర్యము: శ్లోకమునకొక ఉదయము. దిలీపమహారాజు ఆవును మేపుటకు అడవికి పోయినాడు. గుహలో సింహము ఆవుపై పడినది. ఆవునకు బదులు నన్ను తినుమని రాజు తలవంచినాడు. మఱి తరువాత? తాతగారు పుస్తకము మూసి, "రేపు" అనిరి. ఆ రేపటికొఱకు మేము ఎవరును లేపకయే లేచితిమి. షష్ఠీవిభక్తి యనగా ఏమో మాకు ఆ నందినీధేనువు దయవలన తెలిసినది.

ఇక మన పిల్లలు ఆంగ్లమును చదువుచున్న రీతి చూడుడు. ఒకటవ తరగతిలో శబ్దమంజరి, ఐదవ తరగతిలో శబ్దమంజరి, పదవ తరగతిలోను శబ్దమంజరియే. పదియేండ్లు గడచును; రఘువంశము తెఱువబడదు. పాఠ్యపుస్తకమున కథలు లేవా యని యడుగుదురేమో. ఉన్నవి. కాని వానిని మేము కథలుగా చదివింపనిత్తుమా? కథ ముగియకమునుపే ప్రశ్నలకు జవాబులు నల్లబల్లపై వ్రాయుదుము, పిల్లలు వానిని ఎత్తి వ్రాసికొందురు, వ్రాసికొన్నదానిని కంఠస్థము చేయుదురు, పరీక్షలో కక్కుదురు. కథలోని పిల్లవాడు బ్రదికెనో చచ్చెనో ఆలోచించుటకు తీరికయే లేదు. మేము ఇక్కడ "వారు" అనక "మేము" అనుట వినయముచేత కాదు. ఇరువదియేండ్లలో మొదటి పదునేండ్లు మా తరగతిలోను ఇదియే జరిగినది.

పంచతంత్రము మన యిండ్లలో అందఱును విన్నదే. దాని పీఠికను మాత్రము పెద్దలు మఱచిపోయిరి. అమరశక్తియను రాజునకు మందబుద్ధులైన కొడుకులు మువ్వురు. వారికి చదువెట్లు వచ్చునని రాజు సభలో అడుగగా, వ్యాకరణమునకే పండ్రెండేండ్లు పట్టుననియు, తక్కిన శాస్త్రములు ఆ వెనుకననియు ఒక పండితుడు లెక్కచెప్పెను. మన గోడపట్టికలకు మూలపురుషుడు ఆ పండితుడే. విష్ణుశర్మ వచ్చి ఆఱునెలల గడువు చాలుననెను. కాకులను గుడ్లగూబలను ముందుబెట్టుకొని ఆ పని చేసెను. మనము విష్ణుశర్మను పూజింతుము, పండ్రెండేండ్ల పండితుని అనుసరింతుము.

పరభాష నేర్చుటకు ఇదియే దారియనుటకు మన ఊరివాడు కాని సాక్షి నొకనిని చూపుదుము. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన సి.పి. బ్రౌనునకు తెలుగు పరభాష. ఆయన అచ్చువేయించిన వేమన పద్యములు 1829 నాటివి. ఆయన తెలుగు వ్యాకరణము 1840 నాటిది. నిఘంటువు 1852 నాటిది. ఈ మూడు సంవత్సరములను వరుసగా చూచినవారికి మేము వేఱుగా చెప్పవలసినది లేదు. వేమన ముందు వచ్చినాడు. వ్యాకరణము పదునొకండేండ్లు వేచియున్నది.

ఇంతవఱకు చెప్పినది ఇతరుల కథ. ఇక మా యింటి కథ చెప్పక తప్పదు.

మూడు సంవత్సరముల క్రిందట మా అమ్మాయి ఏడవ తరగతి చదువుచుండెను. ఆంగ్లోపాధ్యాయుని కుమార్తెకు ఆంగ్లమున అత్తెసరు మార్కులు వచ్చుట మాకు తలవంపుగా నుండెను. మేమును ఒక అట్టను కొనితెచ్చితిమి. పైన వర్ణించిన పట్టిక ఎవరిదో యనుకొంటిరేమో, అది మాదే. ఉదయము 5 గంటలకు పిల్లను లేపి టెన్సులు అప్పగింపించుకొంటిమి. పదిమాటల నోటుబుక్కు, ఆదివారపు పరీక్ష, ఏబదిమాఱులు వ్రాయుట, అన్నియు క్రమము తప్పక జరిగినవి. నాలుగునెలలు మేము ఒక్కనాడైనను తప్పలేదు. ఆ సంగతి అందఱితో గర్వముగా చెప్పుకొంటిమి కూడ. ఆ నాలుగునెలలలో పిల్లకు తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చుట మొదలైనది. వైద్యుడు చూచి ఏ రోగమును లేదనెను. ఆదివారమున నొప్పి మఱింత యెక్కువగా నుండెడిది.

అది పెంకితనమని మేమనుకొంటిమి. ఒకనాడు ఆమె గదిలో చూడగా, అంతకుముందు మంచముపై చిందరవందరగా పడియుండెడి తెలుగు కథాపుస్తకములు కట్టగట్టి అటకపై పెట్టబడియున్నవి. ఏల పెట్టితివని యడిగితిమి. "చదవాలనిపించడం లేదు నాన్నా" అనెను. ఐదవయేటినుండి అన్నము తినుచు పుస్తకము చదివిన పిల్ల! అచ్చుకాగితము ఏది కనబడినను వెనుక ఎవరో అప్పగించుమని నిలుచున్నట్లు ఆమెకు తోచుచుండెను కాబోలు. ఆ రాత్రి మా గృహిణి పలికిన మాటను పలికినట్లే వ్రాయుచున్నాము. గ్రాంథికమున వ్రాసినచో దానిలోని కారము పోవును. "ఏమండీ, మీరు దానికి ఇంగ్లీషు నేర్పుతున్నారో, చదువంటే భయం నేర్పుతున్నారో ఒక్కసారి చూసుకోండి. లేని ఇంగ్లీషు రాలేదు సరే, ఉన్న తెలుగు కూడా పోతోంది."

మేము కోపపడితిమి. మూడుదినములు మాటలాడలేదు. నాలుగవనాడు అట్టను తీసివేసితిమి.

తీసివేయుట సులభము, దాని స్థానమున ఏమి పెట్టవలెను? మేము ఉపాధ్యాయశిక్షణకాలమున చదివి, పరీక్షలో వ్రాసి, మఱచిపోయిన గ్రంథములను తిరిగి వెదకితిమి. 1980-81 సంవత్సరములలో ఫిజీదీవులలో జరిగిన ప్రయత్నమొకటి అందు కనబడినది. (1903 మొదలుకొని దక్షిణదేశమునుండి కూలీలతో ఓడలు పోయిన ఫిజీయే యది, అందు మన తెలుగువారును గలరు.) వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగూభాయి యను విద్వాంసులిద్దఱు అచ్చటి ఎనిమిది గ్రామపాఠశాలలలో పిల్లలకు నచ్చు బొమ్మల కథాపుస్తకములను 250 వంతున ఆంగ్లమున ఉంచి, దినమునకు ఇరువదిముప్పది నిమిషములు వానిని చదువుటకును వినుటకును విడిచిరి. తక్కిన పాఠశాలలలో పాతరీతి వాక్యాభ్యాసము సాగినది. చదివి అర్థముచేసికొనుటలో కథలు చదివిన పిల్లలు ఇంచుమించు రెట్టింపు వేగమున ముందునకు పోయిరని 1983లో వారు ప్రకటించిరి. ఆ పల్లెపిల్లల యిండ్లలో ఆంగ్లము లేదు. మన పల్లెలకును వారి పల్లెలకును ఈ విషయమున భేదమేమి?

ఇంకను దగ్గఱి సాక్ష్యము కావలెనన్నచో 1979 మొదలు 1984 వఱకు ఎన్.ఎస్. ప్రభుగారు బెంగుళూరు, మదరాసు మొదలైనచోట్ల కొన్ని పాఠశాలలలో చేసిన ప్రయత్నమును చూడవచ్చును. వ్యాకరణపాఠమునకు బదులు ఆయన పిల్లల ముందఱ రైళ్ల కాలపట్టికను, ఊరి పటమును పెట్టి, ఏ బండి యెక్కిన ముందుగా చేరుదుము, ఏ త్రోవ దగ్గఱ యని లెక్కకట్టించెను. పిల్లల మనస్సు బండిమీద నున్నది. ఆంగ్లము దానివెంట వచ్చినది. సత్యము దాచరాదు గనుక చెప్పుచున్నాము: తరువాత జరిపిన పరీక్షలలో వాక్యరూపములను అడిగిన ప్రశ్నలకు పాతపద్ధతి పిల్లలే బాగుగా వ్రాసిరి, అర్థగ్రహణమును, పనిని సాధించుటను అడిగినచోట ప్రభుగారి పిల్లలు మించిరి. దేనికొఱకు భాష నేర్చుచున్నామో నిర్ణయించుకొన్నవారికి ఈ ఫలితములో గడ్డు ఏమియు లేదు.

కాని ఫిజీలోని పుస్తకములు మా అమ్మాయికి నచ్చునా? ఆమెకు ఏమి యిష్టమో మాకు తెలియదు! ఉపాధ్యాయులమై, తండ్రులమై, పండ్రెండేండ్లు ఒక్కకప్పు క్రింద నుండి తెలియకుండుట సిగ్గుచేటు. అడిగితిమి. చాలసేపు పలుకలేదు. తుదకు "పిట్టలు" అనెను. మా పెరటి కరివేపచెట్టుపై వ్రాలు పిట్టల పేర్లను ఆమె తన తెలుగు నోటుబుక్కు చివర రెండేండ్లుగా వ్రాసికొనుచున్నదట.

సాలిమ్ అలీగారి భారతీయపక్షుల పుస్తకము మొట్టమొదట 1941లో వెలువడినది. ఒక పాత ప్రతిని తెచ్చి ఆమెకిచ్చితిమి. అది బాలబోధిని కాదు, వయోజనులకొఱకు వ్రాసినది. దానిలోని సగము మాటలు ఆమెకు రావు. అయినను పుటకొక పిట్ట, పిట్టకొక బొమ్మ, బొమ్మప్రక్క పదిపదునైదు పంక్తులు. ఆ గ్రంథమున పిట్ట పరిమాణమును అంగుళములలో చెప్పుటకంటె, పిచ్చుకకంటె పెద్దది, గోరువంకంత, పిగిలిపిట్టకంటె చిన్నది యని తెలిసిన పిట్టతో పోల్చి చెప్పుటయే విశేషము. ఏబదిమాఱులు వ్రాయించినను ఆమెకు రాని తారతమ్యవాచకములు, ఏ పిట్ట ఏ పిట్టకంటె పెద్దదో తేల్చుకొను పంతములో పదిదినములలో వచ్చినవి. మేము ఆ పాఠము చెప్పలేదు.

ఒకనాడు ఆమె వచ్చి, "నాన్నా, పాలపిట్టని ఇంగ్లీషులో రోలర్ అని రాశారు. దసరానాడు మనం చూసే పిట్టే కదా, అది ఎక్కడా దొర్లదే!" అనెను. మాకు తెలియదంటిమి. నిజముగనే తెలియదు. ఆమె రెండుదినములు వెదకి, జతగూడు కాలమున ఆ పిట్ట ఆకాశమున పైకెగిరి, పల్టీలు గొట్టుచు క్రిందికి దిగుననియు, అందుచే ఆ పేరు వచ్చిననియు ఆంగ్లమున చదివి వచ్చి మాకు చెప్పినది. తండ్రికి తెలియనిదానిని తాను చెప్పుటలోని సంతోషమును మేము గోడమీద ఏ గడిలో వ్రాయగలము?

ఇప్పుడు మా యింట సాగుచున్న క్రమమును చెప్పుదుము. ఇది శాసనము కాదు. సాయంకాలము దీపము పెట్టిన వెనుక అరగంట. అంతకుమించి పొడిగింపము, ఇంకను చదివెదనని పిల్ల యన్నచో ఆమె యిష్టము. మొదట మేము ఏదేని బిగ్గఱగా చదువుదుము. నడుమ తెలుగున ప్రశ్న అడుగవచ్చును, నవ్వవచ్చును, "ఇది బాగాలేదు" అని ఆపివేయింపవచ్చును. ఆ వెనుక ఎవరి పుస్తకము వారు. పుటకు మూడుమాటలకంటె ఎక్కువ నిఘంటువులో చూడరాదని యొక నియమము చేసికొంటిమి. తక్కినవానిని ఊహించుకొనుటయే, లేదా విడిచివేయుటయే. ప్రతిమాటకు అర్థము వ్రాసికొనినగాని కదలని మా పాత అలవాటు రామబాణమువంటి కథనైనను చంపివేయును. నచ్చని పుస్తకమును ఇరువదిపుటల వెనుక నిస్సంకోచముగా మూయవచ్చును. చివర ఒక నోటుబుక్కులో ఆమె రెండుమూడు పంక్తులు వ్రాయును. మేము ఎఱ్ఱసిరా తీయక, ఆ పంక్తులక్రింద ఉత్తరమునకు ప్రత్యుత్తరమువలె రెండుపంక్తులు వ్రాయుదుము. ఆమె తప్పుగా వ్రాసిన రూపము మా ప్రత్యుత్తరములో ఒప్పుగా కనబడునట్లు మాత్రము చూచుకొందుము. చూచినచో చూచును. చూడనినాడు మఱల వ్రాయుదుము.

మాటల జ్ఞాపకమును గూర్చి యొక చిన్న ఉపాయము గలదు. దానిని వర్ణించుట మాకు వేడుక. మనుష్యుడు నేర్చినదానిలో ఎక్కువభాగమును మొదటి గంటలలోను, మొదటి దినములలోను మఱచుననియు, నడుమనడుమ ఎడమిచ్చి తిరుగ చూచినచో నిలుచుననియు హెర్మన్ ఎబింగ్‌హౌస్ అను జర్మను పండితుడు తనమీదనే ప్రయోగించుకొని 1885లో వ్రాసెను. సెబాస్టియన్ లైట్నరు అను పత్రికారచయిత 1972లో దీనిని ఆధారము చేసికొని అఱలపెట్టె నొకదానిని సూచించెను. మా గృహిణి ఈ సంగతి విని లోపలికి పోయి, మూత బిగియక మూలబడిన పాత పోపులపెట్టెను తెచ్చి ముందఱ పెట్టినది. ఏడుగిన్నెలు సిద్ధము! కథలో తగిలి, నచ్చిన మాటను చీటీపై వ్రాసి మొదటి గిన్నెలో వేయుదురు. ఆ గిన్నెను దినదినము చూతురు. జ్ఞాపకమున్న చీటీ రెండవ గిన్నెకు పోవును. దానిని మూడుదినములకు చూతురు. అటుపై వారమునకు, పక్షమునకు, నెలకు. మఱచినదో, ఆవాలగిన్నెకు తిరిగి రావలసినదే. చీటీలు ఇప్పటికిని కొంచెము ఇంగువవాసన కొట్టుచున్నవి. పట్టికనుండి దించిన మాటకు ఆ పెట్టెలో చోటులేదు. ఎక్కడనో కథలో ఎదురుపడిన మాటకే చోటు. మొగము చూచిన మనుష్యుని పేరు జ్ఞాపకముండును గాని, జాబితాలోని పేరు జ్ఞాపకముండునా?

"వారు", "చూతురు" అని బహువచనము వ్రాసితిమి గదా, కారణము చెప్పుదుము. పోపులపెట్టె తెచ్చిన ఇల్లాలు తిరిగి వంటయింటికి పోలేదు. "నేనూ కూర్చుంటాను" అనెను. ఆమె తెలుగుమాధ్యమమున ఇంటర్మీడియేటువఱకు చదివినది. బ్యాంకు కాగితము వచ్చినను, మందుసీసాపై వ్రాత చూడవలసినను ఇరువదియేండ్లుగా మా చేతికిచ్చుచున్నది. మేమును అది సహజమనుకొని పుచ్చుకొనుచున్నాము. ఊరిలోని పిల్లలకు ఆంగ్లము చెప్పు మనుష్యుని యింట ఈ యొక్క విద్యార్థిని మా కంటికి కనబడలేదు. సంస్కారమును గూర్చి వ్రాయువారము, చదువువారము మనమందఱము ఈ ప్రశ్నను ఒకమాఱు మన యిండ్లలో వేసికొనవలెను. పిల్లవాని ఆంగ్లమునకు వేలకొలది రూపాయలు ట్యూషనులకు పోయుచున్న మనము, ఆ పిల్లవాని తల్లికి అరగంట విడిచితిమా? ఆ అరగంటలో పొయ్యిమీద పాలు ఎవరు చూతురను ప్రశ్న వచ్చును. మా యింట మేము చూచుచున్నాము. రెండుమాఱులు పొంగిపోయినవి.

ఆమె ఏరుకొన్న పుస్తకము మాకు మొదట నచ్చలేదు. చిన్ననాట కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు నవలలను దాచిదాచి చదివిన ఆమెకు షెర్లాక్ హోమ్సు కావలసివచ్చెను. సులభాంగ్లములో కుదించిన కథలుండగా, నీతికథలో మహాపురుషుల చరిత్రలో చదువవచ్చును గదా యని మేము నసిగితిమి. "హంతకుడెవరో తెలిస్తేగాని నాకు నిద్రపట్టదు; మహాపురుషుల సంగతి తెలియకపోయినా పడుతుంది" అని ఆమె సమాధానము. దీనిని ఖండించు తర్కము మేము చదివిన ఏ శాస్త్రమునను లేదు. హంతకుడు దొరకువఱకు ఆమె అరగంటను ముప్పాతికగంట చేయుచున్నది. మందుసీసా ఇప్పుడు మా చేతికి రాదు; పైగా మా మందు గడువు దాటినదని ఆమెయే పాఱవైచినది.

ఇక ముప్పదిదినములలో ఆంగ్లమను గ్రంథములను గూర్చి ఎక్కువ వ్రాయము. ఇంటర్మీడియేటునాడు మేమును ఒకటి కొంటిమి. ముప్పదియొకటవనాడు ముప్పదిరెండవ గ్రంథమునకు వెల విచారించితిమి.

తెలుగు మాటాడిన పిల్లలకు జరిమానా వేయు బడులను గూర్చి మాత్రము మౌనము వహింపజాలము. పిల్లకు సందేహము పుట్టునది తెలుగున. ఆశ్చర్యము కలుగునది తెలుగున. "అది దొర్లదే!" అను ప్రశ్నను ఆంగ్లముననే యడుగుమని నిర్బంధించినచో ఆ ప్రశ్న పుట్టకయే చచ్చును, దానితో పాలపిట్టపుటను చదువుటయు పోవును. ముక్కుక్రింద గూడవంటి సంచిగల పక్షికి మనవారు గూడబాతని పేరుపెట్టిరి గదా. ఆంగ్లనామమును చదివిన దినముననే మా అమ్మాయి ఈ తెలుగుపేరు సొగసును కనుగొని, అటకపైనుండి తన తెలుగుపుస్తకముల కట్టను దించుకొన్నది. ఒక భాష తలుపు మూసి వేఱొక భాష తలుపు తెఱువవచ్చునను వారికి మేము చూపగల సాక్ష్యము ఆ కట్టయే. 2019లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఒకటవ తరగతి మొదలు ఆఱవ తరగతివఱకు ఆంగ్లమాధ్యమమును ఆజ్ఞాపించినది; 2020 ఏప్రిలులో ఉన్నతన్యాయస్థానము ఆ యుత్తరువులను కొట్టివైచినది. ఆ వాదప్రతివాదములలో హక్కులను గూర్చి, ఉద్యోగములను గూర్చి, సంస్కృతిని గూర్చి ఇరుపక్షములవారును చాల మాటలాడిరి. మా పాఠశాలలోని ఆఱవ తరగతి గదిలో ఆంగ్లకథాపుస్తకము ఒక్కటైన గలదా యని మాత్రము ఇరువురిలో ఎవరును వచ్చి చూడలేదు. మాధ్యమము ఏదైనను ఆ అలమర ఖాళీగానే యున్నది.

పేదయింటివారు పుస్తకములెట్లు కొందురని యడుగుట న్యాయమైన ప్రశ్న. సాలిమ్ అలీగారి గ్రంథము చౌక కాదు. మేము కొన్నది పాతపుస్తకముల అంగడిలో. కాని ప్రథమ్ బుక్స్ వారు 2015లో నెలకొల్పిన స్టోరీవీవరులో బొమ్మలకథలు తెలుగునను ఆంగ్లమునను కూడ వెల లేకయే దొరకును. ఒకే కథను రెండుభాషలలో ప్రక్కప్రక్కన చదువవచ్చును. ప్రతియింటను ఏదో యొక సెల్‌ఫోను ఉండనే యున్నది. అది రాత్రి పదిగంటలవఱకు ఊరక వెలుగుచునే యున్నది. మా అమ్మాయి శనివారమున పుస్తకము తీయదు. తాను చూచిన పిట్టను గూర్చి ఫోనులో తన కంఠమున ఆంగ్లమున చెప్పి పదిలపఱచుకొనును. మూడునెలల క్రిందటి మాటలను తిరుగ విని తానే నవ్వుకొనును. మేము దిద్దుటకంటె ఆ నవ్వు ఎక్కువ దిద్దుచున్నది.

మార్కులమాట చదువరులు అడుగకమానరు. మొదటి పరీక్షలో మార్కులు తగ్గినవి. రెండవదానిలో యథాస్థితి. ఇప్పుడు పదవ తరగతిలో మునుపటికంటె మెఱుగేగాని, తరగతిలో మొదటిది కాదు. కర్మణివాక్యములను ఇప్పటికిని తప్పుగా వ్రాయును. అందఱి పిల్లలను మించినదని చెప్పి మా క్రమమును అమ్మజూపుట మాకు సమ్మతము కాదు. కడుపునొప్పి మాత్రము రాలేదు. గడచిన శీతకాలమున కైకలూరు బస్సెక్కి ఆటపాక వెళ్లి, కొల్లేటి గూడబాతులను చూచి వచ్చి, తల్లీకూతుళ్లిద్దఱును నాలుగుపుటల ఆంగ్లము వ్రాసిరి. కూతురు పక్షులను గూర్చి వ్రాసెను. తల్లి, పడవలో తన చెప్పు ఎవరు కాజేసిరో పరిశోధించుచు వ్రాసెను.

క్రమశిక్షణ మాటయేమి, మనస్సునకు నచ్చినదే చేయుచుండినచో పిల్లలు చెడిపోరా యని మా సహోపాధ్యాయుడొకరు తఱచుగా వాదించుచుండెడివారు. మూడేండ్లుగా ఒక్కసాయంకాలమైనను తప్పని అరగంటకు క్రమశిక్షణ యనక మఱేమి పేరో మాకు తెలియదు. ఆయన ఒప్పుకొనలేదు. అయినను మొన్న మా యింటికి వచ్చి, పోపులపెట్టెను తెఱచి చూచి, చీటీలను వాసనచూచి, "సరే మాస్టారూ, ఆ ప్లానేదో ఒక కాగితంమీద రాసివ్వండి; మావాడి గదిలో గోడకి అంటిస్తాను" అనిరి. వ్రాసియిత్తుము గాని, మొదట మీ వాడికి ఏమిటిష్టమో చెప్పుడని యడిగితిమి. ఆయన కొంతసేపు ఆలోచించి, "అడిగి చెప్తాను" అని వెళ్లిరి. కాగితమును కలమును బల్లపై సిద్ధముగా పెట్టియుంచితిమి. ఆయన ఇంకను రాలేదు.